కోల్డ్ ఫ్రంట్ దాటాక కోనసీమలో చలి, గాలి ఎలా ఉంటాయో అంచనా వేయడం ఎలా?

ఢిల్లీ వైపు కోల్డ్ ఫ్రంట్ (ముందుకు వచ్చే చల్లగాలి అంచు) దాటిందట, అమలాపురం దగ్గర మా దాళ్వా (రబీ వరి) నారుమడికి ఎంత చలి తగులుతుంది, గాలి ఎటు నుంచి వస్తుంది అని అడిగారు. నేనూ ఇక్కడే నారు పోస్తాను, కాబట్టి నేను చూసుకునే పద్ధతి చెబుతాను.

ఆ ఫ్రంట్ మన దాకా రాదండి. పశ్చిమ అవాంతరాలతో (పడమర నుంచి వచ్చే అల్పపీడనాలతో) పాటు ఉత్తర భారతం మీదుగా తూర్పుకి పోతుంది. మనకు అందేది దాని వెనక దిగే పొడిగాలి, అదీ దారిలో చాలావరకు వేడెక్కి. అక్కడ పడిపోయినన్ని డిగ్రీలు ఇక్కడా పడతాయని లెక్కేయకండి.

నేను సాయంత్రం చూసేది డ్యూ పాయింట్. వాతావరణ యాప్‌లన్నింటిలోనూ దాదాపుగా ఉంటుంది. ఆ ఉష్ణోగ్రతకు దిగితే గాలిలోని తేమ మంచుగా పట్టడం మొదలవుతుంది, అక్కడి నుంచి చల్లబడటం నెమ్మదిస్తుంది. ఆకాశం తేటగా ఉండి, ఆకు కదలని రాత్రయితే తెల్లవారుజాము చలి ఆ అంకెకు దగ్గరలోనే ఆగుతుంది. నిన్న 20 ఉన్నది ఇవాళ 15 అయిందంటే పొడిగాలి వచ్చేసినట్టే. మబ్బు పట్టినా, రాత్రంతా గాలి వీచినా అంత దిగదు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంటే మాత్రం ఈ లెక్క పనికిరాదు.

గాలి సంగతికొస్తే, రాత్రి ఉత్తరం, వాయవ్యం నుంచి నేలగాలి, మధ్యాహ్నం సముద్రపు గాలి మనకు మామూలే. పొడిగాలి బలంగా ఉన్న రోజున ఉత్తరపు గాలి సముద్రపు గాలిని ఆపుతుంది. ఓడలరేవు, అంతర్వేది వైపు కూడా అది ఆలస్యంగా వస్తుంది, రావులపాలెం దాకా రాకపోవచ్చు. మధ్యాహ్నం రెండైనా ఉత్తరపు గాలి తగ్గలేదంటే ఆ రాత్రి చలికి సిద్ధపడాల్సిందే. నా దృష్టిలో ఇంతకన్నా నమ్మకమైన గుర్తు లేదు.

ఫోన్‌లో గాలి పీడనం చూసేటట్టయితే నిన్నటి అదే గంటతో పోల్చండి, పెరిగి ఉంటే పొడిగాలి దిగుతోందనడానికి గుర్తు. మన దగ్గర ఉదయం పది ప్రాంతంలో పెరిగి, సాయంత్రం నాలుగుకి తగ్గడం రోజూ జరిగేదే.

తీర ప్రాంతంలో కనిష్ఠం 15 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువకు పడి, మామూలు కన్నా 4.5 డిగ్రీలైనా తగ్గితే వాతావరణ శాఖ చలిగాలులుగా ప్రకటించవచ్చు. నారుకు అంతదాకా ఆగకండి. కాకినాడ, నరసాపురం కేంద్రాల్లో కొలిచేది మనిషి ఎత్తు దగ్గరి గాలిని. ప్రశాంతమైన రాత్రి నేలను అంటుకున్న ఆకు దగ్గర అంతకన్నా చల్లగా ఉంటుంది. అలాంటి సాయంత్రం మడికి నీరు పెట్టి, పొద్దున్నే ఆ చల్లటి నీరు తీసేయండి.