విడివిడిగా నిలబడ్డ నలుగురు: అబ్బా ‘ది విజిటర్స్’పై పాఠకుల ప్రశ్నలు

స్వీడన్ పాప్ బృందం అబ్బా 1981 నవంబరు 30న విడుదల చేసిన ఎనిమిదో ఆల్బమ్ ‘ది విజిటర్స్’. ఆ తర్వాత కొత్త ఆల్బమ్ రావడానికి నలభై ఏళ్లు పట్టింది. ఈసారి ప్రశ్నలన్నీ దాని గురించే.

ప్రశ్న: ‘డాన్సింగ్ క్వీన్’, ‘మమ్మా మియా’ అంటే నాకు ప్రాణం. ఆ ఇష్టంతోనే ‘ది విజిటర్స్’ పెట్టాను. రెండుసార్లు విన్నా మనసుకు పట్టలేదు. ఎలా వినాలి? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మొదటి పాటతో మొదలుపెట్టకండి. ఆరో పాట ‘వన్ ఆఫ్ అస్’ పెట్టండి. మాండొలిన్, కాస్త ఊగే రెగే నడక, ఒక్కసారి వింటే నోటికొచ్చే పల్లవి, అన్నీ మీకు తెలిసిన అబ్బావే. మాట మాత్రం వేరు. తనే వదిలేసి వచ్చిన ఆడమనిషి ఒంటరిగా పడుకుని, వచ్చినందుకు కుమిలిపోతోంది. నడక తేలిగ్గా ఉండడం వల్లే ఆ బాధ ఎక్కువగా తెలుస్తుంది. తర్వాత మూడోదైన ‘వెన్ ఆల్ ఈజ్ సెడ్ అండ్ డన్’, ఎనిమిదోదైన ‘స్లిప్పింగ్ త్రూ మై ఫింగర్స్’ వినండి. ఈ మూడూ మీవయ్యాక మొత్తం తొమ్మిదీ వరుసగా, షఫుల్ లేకుండా వినండి. దాదాపు ముప్పై ఎనిమిది నిమిషాలు పడుతుంది.

మనసుకు పట్టకపోవడానికి కారణం ఉంది. ఇందులో లేనిదాని కోసం మీరు చెవి రిక్కిస్తున్నారు. ‘డాన్సింగ్ క్వీన్’లో బృందం గాయనులు అగ్నేతా, ఫ్రీదా ఒకే వరుసను కలిసి పాడతారు. దాని మీద మళ్లీ అదే వరుసను పాడిస్తారు. రెండోసారి పాడించేటప్పుడు ఇంజనీరు మైకేల్ ట్రెటో టేపు వేగాన్ని ఒక పిసరు మార్చేవాడు. రెండు పొరలూ అచ్చంగా ఒకదానిమీద ఒకటి కూర్చోవు కాబట్టి గొంతులు చిక్కబడి, పదిమంది పాడినట్టు వినిపిస్తాయి. మనం అబ్బా సౌండ్ అనేది చాలావరకు ఇదే. ‘ది విజిటర్స్’లో ఆ చిక్కదనాన్ని పల్లవుల కోసం దాచి, చరణాలను ఎక్కువగా ఒక్క గొంతుకే వదిలేశారు. ‘డాన్సింగ్ క్వీన్’ పల్లవి అర నిమిషం విని, వెంటనే ‘వెన్ ఆల్ ఈజ్ సెడ్ అండ్ డన్’ మొదటి చరణం పెట్టండి. ఫ్రీదా ఒక్కతే వినిపిస్తుంది. జంటగా వెళ్లే రెండు గొంతులు విడిపోయిన చప్పుడే ఈ ఆల్బమ్. దాన్ని లోటుగా కాక, చెప్పదలచుకున్న మాటగా వింటే మిగతా పాటలన్నీ తెరుచుకుంటాయి.

ఇక గది సంగతి. మన ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్ హోరు మొదటి పాట ఆరంభాన్నీ, ఆఖరి పాట మొత్తాన్నీ మింగేస్తుంది. ఈ రెండూ చాలా నెమ్మదైనవి. ఆ కాసేపు ఫ్యాన్ ఆపండి, లేదా చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు వాడండి. ఫోన్ స్పీకర్లో రట్గర్ గున్నార్సన్ బాస్ గిటారు దాదాపు మాయమవుతుంది. బాస్ లేకపోతే ‘సోల్జర్స్’ పాట నడుము విరిగినట్టే.

ప్రశ్న: మొదటి పాట ‘ది విజిటర్స్’లో ఎవరో తలుపు కొడుతుంటారు. ఎవరు వాళ్లు? పాట మొదట్లో వాల్యూమ్ పెంచుతాం, మధ్యలో చెవులు పగులుతాయి. రికార్డింగులో లోపమా? – ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: లోపం కాదు, అలా కట్టారు. మొదట తంబుర శ్రుతిలా ఒకే స్వరం మీద సింథసైజర్ మోగుతూ ఉంటుంది. దానిమీద ఫ్రీదా గొంతును యంత్రంలోంచి వచ్చినట్టు మార్చి, ఏ భావమూ పలక్కుండా వినిపించారు. భయం ముదిరేకొద్దీ తాళం వచ్చి చేరుతుంది. పల్లవికి వచ్చేసరికి డిస్కో వేగం, పొరలు పొరలుగా గొంతులు. వాల్యూమును ఆరంభాన్ని బట్టి కాక పల్లవిని బట్టి పెట్టుకోండి. ముందు రెండో నిమిషం తర్వాతి భాగం కాసేపు వేసి, అది హాయిగా ఉన్నచోట నాబ్ వదిలేసి, మళ్లీ మొదటికి వెళ్లండి. ఆరంభం లీలగా వినిపిస్తుంది. అలా వినిపించడమే దాని పని.

వచ్చినవాళ్లు పోలీసులు. సోవియట్ రష్యాలో ప్రభుత్వానికి ఎదురు మాట్లాడినవాళ్ల గురించి రాశానని బృందంలో పాటలు రాసే బ్యోర్న్ ఉల్వేయస్ తర్వాత చెప్పాడు. పాటలోని గదిలోనే ఇంతకుముందు మిత్రులు రహస్యంగా కలుసుకుని గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. ఇప్పుడు గంట మోగుతోంది. లోపలి మనిషి చుట్టూ ఉన్న పుస్తకాలు, బొమ్మలు, కుర్చీలు బల్లలు చూస్తూ కదలకుండా కూర్చుంది. పాటలో ‘పోలీసు’, ‘రష్యా’ అన్న మాటలే లేవు. అందుకే కొందరు దీన్ని మతి చలించిన మనిషి పాటగా వింటారు. పేరు పక్కన ఉన్న ‘క్రాకింగ్ అప్’ అన్న ఉపశీర్షిక ఆ అర్థానికీ చోటిస్తుంది. రెండు అర్థాలూ నిలుస్తాయి. ఏళ్ల తరబడి చప్పుళ్లకు ఉలిక్కిపడే మనిషికి ఏ గంట నిజమో, ఏది భ్రమో తేలదు కదా. ఆల్బమ్ వచ్చిన రెండు వారాలకే, డిసెంబరు 13న, పోలండులో సైనిక శాసనం విధించారు. ఆ రోజుల్లో యూరప్ పీల్చిన గాలి ఈ పాటలో ఉంది.

ప్రశ్న: దీన్ని ‘విడాకుల ఆల్బమ్’ అంటారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: సగమే నిజం. భార్యాభర్తలైన బ్యోర్న్, అగ్నేతా విడిపోతున్నట్టు 1979 జనవరిలోనే ప్రకటించారు. ఆ గాయంలోంచి పుట్టిన ‘ది విన్నర్ టేక్స్ ఇట్ ఆల్’ 1980 నాటి పాట, దీనికి ముందు ఆల్బమ్‌లోది. బృందంలోని రెండో జంట బెన్నీ ఆండర్సన్, ఫ్రీదా విడిపోతున్న సంగతి 1981 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. నెల తిరిగేసరికి, మార్చి 16న, స్టాక్‌హోమ్‌లోని పోలార్ స్టూడియోలో ఈ ఆల్బమ్ పని మొదలైంది. మొదట పట్టుకున్న పాటల్లో ‘వెన్ ఆల్ ఈజ్ సెడ్ అండ్ డన్’ ఒకటి. వాళ్లిద్దరి ఇష్టంతోనే బ్యోర్న్ ఆ మాటలు రాశాడు. పాడింది ఫ్రీదా, స్వరపరచిన ఇద్దరిలో ఒకరు అప్పుడే విడిపోయిన భర్త. అయినా పాటలో నింద లేదు, శాపనార్థాలు లేవు. తప్పు ఎవరిదని వెతకడం మానేసిన ఇద్దరు పెద్దవాళ్ల మాటలా ఉంటుంది. ‘ది విన్నర్...’ కన్నా ఇది గొప్ప పాటని నా గట్టి అభిప్రాయం. అక్కడ ఏడుపు వినిపిస్తుంది, ఇక్కడ ఏడుపు అయిపోయాక తేరుకున్న గొంతు వినిపిస్తుంది. ఆ గొంతును పట్టడం చాలా కష్టం.

విడాకులతో సంబంధం లేని పాటల్లో ‘స్లిప్పింగ్ త్రూ మై ఫింగర్స్’ను దగ్గరగా చూడండి. తన పెద్ద కూతురు లిండా బడికి వెళ్తుంటే చూసి బ్యోర్న్ రాశాడు. పాడింది ఆ పిల్ల తల్లి అగ్నేతా. పొద్దున్నే పుస్తకాల సంచీ పట్టుకుని, చెయ్యి ఊపి, ఏ ఆలోచనా లేని నవ్వుతో పిల్ల వెళ్లిపోతుంది. ఇద్దరూ నిద్రమత్తులో టిఫిను ముందు కూర్చున్నప్పుడు గడిచిన కాలం తల్లికి తెలియలేదు. పిల్ల గడప దాటాక తెలిసింది. కలిసి చేయాలనుకుని చేయనివి చాలానే మిగిలాయి. అంతే పాట. పెద్ద మాట ఒక్కటీ లేదు. 1999 నాటి ‘మమ్మా మియా!’ నాటకంలోనూ, 2008 సినిమాలోనూ పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే తల్లి చేత పాడించారు. అక్కడ నప్పింది, కాదనను. కానీ బడి సంచీతోనే ఈ పాటకు బలం ఎక్కువ. పెళ్లిలో పిల్ల దూరమవుతుందని తల్లికి ముందే తెలుసు. మామూలు మంగళవారం పొద్దున్న ఎవరూ దానికి సిద్ధంగా ఉండరు.

అట్ట కూడా చూడండి. స్టాక్‌హోమ్‌లోని స్కాన్‌సెన్ అనే ఆరుబయటి మ్యూజియంలో చిత్రకారుడు యూలియస్ క్రోన్‌బెర్గ్ పాత స్టూడియోలో తీసిన ఫొటో అది. వెనక గ్రీకు ప్రేమదేవుడు ఎరోస్ పెద్ద చిత్రం, ముందు చీకటి గది, అందులో ఒకరికొకరు ఎడంగా నలుగురు. ఎవరూ ఎవరినీ చూడరు.

ప్రశ్న: కొన్ని పాటలు మెత్తగా, కొన్ని గాజులా పదునుగా వినిపిస్తాయి. నా ఆంప్లిఫయర్ పాడైందా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఆంప్లిఫయర్‌ను ఏమీ చేయకండి. ‘వెన్ ఆల్ ఈజ్ సెడ్ అండ్ డన్’, ‘స్లిప్పింగ్...’, ‘టూ ఫర్ ది ప్రైస్ ఆఫ్ వన్’, ఈ మూడూ మామూలు అనలాగ్ టేపు మీద మొదలైనవి. ఆ తర్వాత స్టూడియోకి త్రీఎమ్ కంపెనీ 32 ట్రాకుల డిజిటల్ రికార్డర్ వచ్చింది. మిగతావి దానిమీద చేశారు. టేపు మీద సౌండ్ గట్టిగా పడితే అంచులు మెత్తబడతాయి, లోపల సన్నని సరసర ఉంటుంది. ట్రెటో ఇన్నాళ్లూ గొంతులను చిక్కబరచింది ఆ గుణాన్ని నమ్ముకునే. డిజిటల్‌లో అది లేదు, ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగొస్తుంది. రెండు రకాలనూ ఒకే ఆల్బమ్‌లో కలపడానికి అతను నానా తంటాలు పడ్డాడు. అయినా శుభ్రమైన చెవికి తేడా తెలుస్తుంది. మూడో పాట నుంచి నాలుగోదైన ‘సోల్జర్స్’కి మారేచోట గమనించండి. ట్రెబుల్ తగ్గించి సరిచేద్దామనుకుంటే మాత్రం ‘హెడ్ ఓవర్ హీల్స్’, ‘సోల్జర్స్’ చప్పబడతాయి. ఆ చల్లదనం ఈ పాటలకు మేలే చేసింది.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌లో ఎల్పీ కొనాలా, సీడీ కొనాలా? – ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఈ ఒక్క ఆల్బమ్‌కి సీడీయే నా ఓటు. 1982 ఆగస్టులో జర్మనీలోని హనోవర్ దగ్గర లాంగెన్‌హాగన్ కర్మాగారంలో అచ్చైన తొలి పాప్ సీడీల్లో ఇది ఒకటి. పాలిడోర్ వేసిన పాత సీడీ నంబరు 800 011-2. అందులో తొమ్మిది పాటలే ఉంటాయి, సౌండ్ తక్కువగా ఉన్నట్టు అనిపిస్తుంది. వాల్యూమ్ పెంచుకుంటే నెమ్మదికీ హోరుకీ మధ్య తేడా పూర్తిగా దక్కుతుంది. తర్వాతి రీమాస్టర్లలో ఆ తేడాను నొక్కి మొత్తం గట్టిగా చేశారు. వాటిలో బోనస్ పాటలూ ఉంటాయి. మొదటిసారి వినేటప్పుడు తొమ్మిదో పాట కాగానే ఆపేయండి. లేకపోతే ‘లైక్ యాన్ ఏంజెల్ పాసింగ్ త్రూ మై రూమ్’ తర్వాత రావాల్సిన నిశ్శబ్దం రాదు.

ఎల్పీయే కావాలంటే పోలార్ ముద్రణ నంబరు పీఓఎల్ఎస్ 342. దుకాణంలో రెండోవైపు ఆఖరి పాటను ముందు వినండి. అది గడియారం టిక్కుటిక్కుల మీద నడిచే పాట. ఫ్రీదా ఒక్కతే పాడుతుంది, వెనక ఇంకే గొంతూ లేదు. పైగా అది డిస్కు లోపలి అంచున ఉంటుంది. అక్కడ సూది కింద గాడి నెమ్మదిగా కదులుతుంది కాబట్టి ‘స’కారాలు చిరిగినట్టు వినిపించే ప్రమాదం ఎక్కువ. ఏది గడియారమో ఏది గీతో పోల్చుకోవడం ఇలా: గీత పడిన చప్పుడు 33⅓ వేగంలో సరిగ్గా 1.8 సెకన్లకోసారి వస్తుంది. దుమ్ము చప్పుడుకు లెక్కాపత్రం ఉండదు. గీతా, చిరిగిన ‘స’కారాలూ లేని డిస్కే తీసుకోండి. దుమ్మయితే పొడిగా కార్బన్ ఫైబర్ బ్రష్‌తో, పోకపోతే డిస్టిల్డ్ వాటర్‌తో తుడవండి. కుళాయి నీళ్లలోని ఉప్పు గాళ్లలో మిగిలిపోతుంది. సూది బరువు కార్ట్రిడ్జ్ కంపెనీ చెప్పిన అంకెకే పెట్టండి. చాలా వాటికి అది రెండు గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. గాడి అరుగుతుందని భయపడి మరీ తగ్గిస్తే సూది ఎగిరి ఇంకా ఎక్కువ గాయం చేస్తుంది.

ప్రశ్న: ‘టూ ఫర్ ది ప్రైస్ ఆఫ్ వన్’ ఇందులో ఎందుకుంది? – ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: బలహీనమైన పాటే. బ్యోర్న్ పాడాడు. రైల్వే స్టేషన్లో ఊడ్చే ఒంటరివాడు పేపర్లో ‘ఒకరి ధరకే ఇద్దరు’ అన్న ప్రకటన చూసి అమ్మాయికి ఫోన్ చేస్తే, ఇద్దరిలో రెండోది ఆ అమ్మాయి వాళ్లమ్మ అని తేలుతుంది. ఆఖర్న బ్యాండుమేళం. ‘వన్ ఆఫ్ అస్’కీ ‘స్లిప్పింగ్...’కీ మధ్య ఊపిరి తీసుకోవడానికి పెట్టారేమో గాని, ఊపు తెగుతుంది. దాటేసినా నష్టం లేదు.

ప్రశ్న: ఇది నచ్చితే తర్వాత ఏం వినాలి? – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ముందు ‘షుడ్ ఐ లాఫ్ ఆర్ క్రై’. ఈ ఆల్బమ్ రోజుల్లోనే చేసి, ‘వన్ ఆఫ్ అస్’ సింగిల్ రికార్డు వెనకవైపు వేశారు. తర్వాత 1982 ఆగస్టులో రికార్డు చేసిన ‘ది డే బిఫోర్ యూ కేమ్’. దాదాపు ఆరు నిమిషాలు, మామూలు పల్లవి లేదు. ఒక ఉద్యోగిని ఒక రోజంతా ఏం చేసిందో అగ్నేతా వరుసగా చెప్పుకుంటూ పోతుంది, వెనక ఎక్కడో ఫ్రీదా ఆపెరా గొంతు తేలుతుంది. 2012 డీలక్స్ సీడీలో ‘ఫ్రమ్ ఎ ట్వింక్లింగ్ స్టార్ టు ఎ పాసింగ్ ఏంజెల్’ అనే డెమోల (తొలి నమూనా రికార్డింగుల) మాలిక ఉంది. ఆఖరి పాట ఎన్ని వేషాలు మార్చి, ఎంత తీసేస్తే ఆ గడియారం, ఒక్క గొంతు మిగిలాయో అందులో తెలుస్తుంది. ‘ఐ లెట్ ది మ్యూజిక్ స్పీక్’లోని నాటకపు ఒరవడి మీకు నచ్చితే, బెన్నీ, బ్యోర్న్ గీత రచయిత టిమ్ రైస్‌తో కలిసి చేసిన 1984 నాటి సంగీత నాటకపు ఆల్బమ్ ‘చెస్’ తీసుకోండి.