కారు సందేహాలు: టాప్ బాగానే ఉంది, నీళ్లెక్కడివి?

ప్రశ్న: మడిచి తెరిచే గుడ్డ టాప్ (పైకప్పు) ఉన్న రెండు సీట్ల కన్వర్టిబుల్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంటి ముందు వేపచెట్టు కింద పెడతాను. నాలుగు వానలు పడేసరికి సీటు వెనక కార్పెట్ తడిసి ముక్కిపోయిన వాసన వస్తోంది. టాప్ మొత్తం మార్చాలంటున్నాడు మెకానిక్. మార్చాల్సిందేనా?
— ఒక పాఠకుడు, మారేడ్‌పల్లి

జవాబు: అప్పుడే మార్చకండి. గుడ్డ చిరగలేదు, కుట్లు ఊడలేదు అంటే ముందుగా అనుమానించాల్సింది నీళ్లు పోయే దారిని. టాప్ మీద పడిన వాన వెనక్కి జారి, అది మడతపడే చోట ఉన్న కాలువలో చేరుతుంది. అక్కణ్నుంచి రెండు పక్కలా గొట్టాల్లోంచి కారు కిందికి పోవాలి. వేపాకు, పూత, మన సిటీ దుమ్ము కలిసి ఆ గొట్టం మూతిలో గట్టిపడితే నీళ్లు లోపలికి పొర్లుతాయి.

టాప్ సగం తెరిచి ఆపండి. చాలా మోడళ్లలో సీట్ల వెనక రెండు మూలల్లో రంధ్రాలు కనిపిస్తాయి. చెత్త చేత్తో ఏరేసి, ఒక్కోదాంట్లో గ్లాసుడు నీళ్లు నెమ్మదిగా పోసి కారు కింద చూడండి. ధారగా పడితే సరే. చుక్కలుగా పడుతుంటే, గడ్డి కోసే మిషన్‌లో వేసే నైలాన్ దారం కొన అరగదీసి, మెల్లగా తిప్పుతూ దించండి. ఇనప తీగ పెడితే గొట్టానికి చిల్లు పడుతుంది. కంప్రెసర్ గాలి కొడితే లోపల జాయింటు ఊడుతుంది; ఆ తర్వాత ప్రతి వానా నేరుగా కారులోకే. 2003–08 నాటి బీఎమ్‌డబ్ల్యూ జెడ్4లో టాప్‌ను నడిపే హైడ్రాలిక్ మోటారు ఈ నీళ్లు చేరే మూలలోనే ఉంటుంది. గుప్పెడు ఆకులు తీయకపోతే పోయేది ఆ మోటారే.

గొట్టాలు బాగున్నా తడి తగ్గకపోతే డోర్ రబ్బర్లు చూడండి. అద్దం, రబ్బరు మధ్య కాగితం పెట్టి డోర్ మూసి లాగండి. తేలిగ్గా జారిన చోట పట్టు లేనట్టే. రబ్బరుకు పెట్రోలియం జెల్లీ పూయొద్దు, ఉబ్బుతుంది. సిలికాన్ గ్రీజు పల్చగా చాలు.

కార్పెట్ పైన ఆరినట్టున్నా కింద ఫోమ్ నీళ్లు పట్టుకునే ఉంటుంది. లేపి, ఫ్యాన్ పెట్టి పూర్తిగా ఆరనివ్వండి. దాని కింద వైరింగ్ ఉంటుంది, బద్ధకించొద్దు.

ప్రశ్న: గుడ్డ టాప్‌ను వాటర్ సర్వీసింగ్‌లో కడిగించొచ్చా?
— ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: ప్రెషర్ గన్ కుట్లకు దగ్గరగా పెట్టనివ్వకండి. ముందు పొడి దుమ్ము మెత్తటి బ్రష్‌తో నేత వెంబడి దులిపి, గోరువెచ్చని నీళ్లు, గుడ్డ టాప్ షాంపూతో కడగాలి. పిట్ట రెట్టను గీకొద్దు, తడిగుడ్డ కప్పి నాననివ్వండి. బాడీకి వేసే వ్యాక్స్ దీనికి తగలకూడదు. అన్నిటికంటే ముఖ్యం, తడి టాప్‌ను మడిచి పెట్టొద్దు. బూజు మచ్చ ఒకసారి పడితే వదలదు.

ప్రశ్న: ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు) మీద టాప్ తెరిచి వెళ్లొచ్చా?
— ఒక పాఠకుడు, నార్సింగి

జవాబు: తప్పకుండా వెళ్లండి. 158 కిలోమీటర్ల రోడ్డు, టూవీలర్లకు అనుమతి లేదు. తెల్లవారుజామున టాప్ తీసి వెళ్తుంటే ఇంజన్ పాట మొత్తం వినబడుతుంది, ఈ కార్లు కొనేదే అందుకు. కాకపోతే టాప్ టోల్‌గేట్ దాటకముందే తెరవండి. 2019 నుంచి వచ్చిన జెడ్4లో గంటకు 50 కిలోమీటర్ల వేగం వరకే టాప్ కదులుతుంది. రింగు రోడ్డు మీద అంత నెమ్మదించినా, పక్కన ఆపినా ప్రమాదమే. సీట్ల వెనక గాలిని అడ్డుకునే విండ్ డిఫ్లెక్టర్ బిగించి, పక్క అద్దాలు ఎత్తి ఉంచండి. గాలి ముఖాన కొట్టేది ముందునుంచి కాదు, వెనక నుంచి తిరిగొచ్చి.