రెండు ధ్వజాలా, ఒకటా? ముందు అది లెక్కపెట్టండి

శుభ్రం చేయని పాత రోమన్ నాణేల లాట్‌లో (గంపగుత్త కుప్పలో) వచ్చిన 17 మిల్లీమీటర్ల కంచు నాణెం ఫొటో పెట్టి ఇదేమిటని అడిగారు కదా, టెన్షన్ అక్కర్లేదండీ. బొరుసు వైపు ఈటెలు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరూ దేవుళ్లు కాదు, సైనికులు. మీరు చదివిన 'ఎక్సెర్క్' అన్న ముక్క 'గ్లోరియా ఎక్సెర్కిటుస్'లోది. అంటే 'సైన్యపు కీర్తి'. ఇలాంటి లాట్లలో ఎక్కువగా తగిలే రకాల్లో ఇదొకటి.

ఫొటోలో సైనికుల మధ్య నాకు రెండు ధ్వజాలు కనిపిస్తున్నాయి. అలాగైతే క్రీ.శ. 330-335 మధ్యది. ఒక్కటే ఉంటే 335 తర్వాతది, అప్పటికి నాణెం బరువూ తగ్గించేశారు.

రాజు ఎవరన్నదే అసలు చిక్కు. 'కాన్‌స్టాంట్' దాకా చూసి రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ అనేయకండి. ఆయన కొడుకుల పేర్లూ అలాగే మొదలవుతాయి, నేనూ మొదట్లో బోల్తా పడ్డాను. బొమ్మ వైపు రాత చివర చూడండి: 'మ్యాక్స్ ఆగ్' ఉంటే తండ్రి, 'నోబ్ సి' ఉంటే సీజర్ (చక్రవర్తి కింది పాలకుడు) హోదాలోని కొడుకు. రాత అరిగిపోతే తల చూడండి. ఈ రెండు ధ్వజాల రకంలో సాధారణంగా తండ్రికి రత్నాలు పొదిగిన తలపట్టీ, కొడుకులకు ఆకుల దండ ఉంటాయి.

సైనికుల కాళ్ల కింద గీత దిగువన ఉన్నది టంకశాల గుర్తు. 'ఎస్ఎంటీఎస్' అయితే థెస్సలొనీకి, 'ఎస్ఎంఏఎన్' అయితే అంతియోకయ. మీ ఫొటోలో అక్కడే మట్టి పట్టేసి ఉంది.

డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నీళ్లు మారుస్తూ, వెదురు పుల్లతో మెల్లగా గీకండి. ఇత్తడి చెంబు కాదు కాబట్టి చింతపండు మాత్రం వద్దు. ఆ పచ్చటి పొర పోతే అక్షరాలూ పోవచ్చు.