పేజీకి చిల్లు పడేదాకా చెరిపేస్తున్నాడు

ప్రశ్న: మా బాబు రెండో తరగతి. పర్వతగిరి దగ్గర మా ఊరి బళ్లో హుషారుగా ఉండేవాడు. ఈ జూన్‌లో హనుమకొండ వచ్చి ఇంగ్లిష్ మీడియంలో వేశాం. ఒకరోజు క్లాసులో చదువుతూ తడబడితే అందరూ నవ్వారట. అప్పటినుంచి హోంవర్క్‌లో ఒక్క అక్షరం వంకర పోయినా రబ్బరుతో చెరిపి చెరిపి పేజీకి చిల్లు పెడుతున్నాడు. "నాకు రాదు, నేను మొద్దు" అంటాడు. నువ్వు తెలివైనవాడివిరా అని రోజూ చెబుతున్నా నమ్మడం లేదు. - ఒక తల్లి

జవాబు: ఎలా నమ్ముతాడమ్మా, చిల్లు పడ్డ పేజీ కళ్ల ముందే ఉంటే! అసలు ఆ మాటతోనే చిక్కు. 1998లో అమెరికాలో క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు ఐదో తరగతి పిల్లలకు పజిల్స్ ఇచ్చి, కొందరిని తెలివైనవాళ్లని, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకుని చూశారు. తర్వాత కష్టమైనవి ఇస్తే, తెలివైనవాళ్లు అనిపించుకున్నవాళ్లే ముందు డీలా పడ్డారు. ఒక్క తప్పు చేస్తే ఆ పేరు పోతుంది కదా, మరి.

కొన్నాళ్లు రబ్బరు దాచేయండి. తప్పు పడితే ఒక గీత కొట్టి పక్కన మళ్లీ రాయమనండి, పేజీ గలీజుగా కనిపిస్తుంది, కనిపించనీయండి. నెల తర్వాత అదే నోట్‌బుక్ తిరగేసి, మొన్నటిదాకా బి, డి తారుమారు చేసేవాడివి, ఇప్పుడు చూడు అని చూపించండి. "రాదు" అన్నప్పుడల్లా "ఇంకా రాలేదు" అని మార్చి చెప్పండి. ఇంకో సంగతి, ఊరికే ధైర్యం చెప్పే బదులు పని చెప్పండి. గల్లీలోని కిరాణా దుకాణానికి పంపి అరకిలో ఉప్మా రవ్వ తెమ్మనండి, చిల్లర వాడినే లెక్క చూసుకోమనండి. బతుకమ్మ పేర్చేటప్పుడు ఒక వరుస తంగేడు వాడికే వదిలేయండి. వంకర పోయినా మీరు సర్దకండి, దయచేసి (నాకైతే చేతులు ఆగవు, తెలుసు).

స్కూలుకు వెళ్లి టీచర్‌ను కలవండి. రేపు చదివించే పేరా ఏదో ఈరోజే చెప్పమంటే, ఇంట్లో నాలుగుసార్లు చదువుకుని వెళ్తాడు. పిల్లలు నవ్వకుండా చూడాల్సింది టీచరే. ఒకవేళ టీచరే వెక్కిరిస్తుంటే మాత్రం ఊరుకోవద్దు, 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది.

మీ పర్వతగిరి మండలంలోనే కల్లెడ ఉంది కదా, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన జీవాంజి దీప్తిది ఆ ఊరే. చిన్నప్పుడు ఊళ్లోవాళ్లు ఎంతలా వెక్కిరించారో ఆ అమ్మాయి తల్లిదండ్రులే చెప్పారు. ఇది మీకోసం చెబుతున్నా, బాబుతో అనకండి. "దీప్తక్కను చూసి నేర్చుకో" అన్నారా, వాడి నెత్తిన ఇంకో పోలిక పెట్టినట్టే. కావాలంటే ఆదివారం పొద్దున జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) గ్రౌండ్‌కు తీసుకెళ్లి ఊరికే పరుగెత్తనివ్వండి, ఆ పూట చదువు ఊసెత్తకండి.