20 నెలల బాబుకు మాటలు తక్కువైతే ఆటలో ఏం చూడాలి?

రాయగడలో ఉంటున్నామని, బాబుకు 20 నెలలు నిండినా ఏడెనిమిది మాటలకు మించి రావడం లేదని మీరు రాశారు. ఫోనులోని పిల్లల ఎదుగుదల యాప్ ఎర్ర గుర్తు చూపిస్తోందని, ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా వినడం వల్లే ఇలా అయిందని ఇంట్లోవాళ్లు అంటున్నారని, తెలుగు మానేయాలా అని అడిగారు. మాది పర్లాకిమిడి. మా ఇద్దరు పిల్లలూ ఈ రెండు భాషల మధ్యే పెరిగారు. తెలుగు మానకండి. మాటలు లెక్కపెట్టడం కొన్నాళ్లు ఆపి, వాడు ఆడుకుంటున్నప్పుడు పక్కన కూర్చుని చూడండి.

ముందు ఆ ఎర్ర గుర్తు సంగతి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2022లో సవరించిన పట్టికలో, 18 నెలలకు అమ్మ, నాన్న కాక మరో మూడు మాటలైనా అనడానికి ప్రయత్నించాలని ఉంది. రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనడం, రెండున్నరేళ్లకు సుమారు 50 మాటలు రావడం ఆ తర్వాతి మెట్లు. నలుగురిలో ముగ్గురు పిల్లలైనా ఆ వయసుకు చేయగలిగే పనులనే అందులో చేర్చారు. ఆ లెక్కన మీ బాబు మాటల్లో వెనకబడలేదు. నడక కూడా అంతే. మన దేశపు పిల్లలను కూడా చేర్చుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన అధ్యయనంలో, ఆసరా లేకుండా నడవడం కొందరికి 8 నెలలకే వస్తే మరికొందరికి 17 నెలలు దాటాక వచ్చింది. ఒక్క నెల దగ్గర గీత గీసే యాప్‌లో ఈ తేడాకు చోటు ఉండదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే రెండేళ్లు వచ్చేవరకు వయసును డాక్టరు చెప్పిన కాన్పు తేదీ నుంచి లెక్కించాలి.

ఇక ఆట. చుట్టాల ముందు కూర్చోబెట్టి "ముక్కేది, చెవేది" అని అడిగితే పిల్లలు సిగ్గుపడతారు, తెలిసినా చెప్పరు. అడగకుండా తమంతట తాము చేసేదే వారి ఎదుగుదలను చూపిస్తుంది. అందులో నేను అన్నిటికన్నా ముందు చూసేది పిల్లల చూపుడు వేలు. బిస్కెట్టు కావాలని డబ్బా వైపు వేలు చూపడం ఒకటి. గోడ మీద బల్లి కనబడగానే వేలు చూపి, వెంటనే తిరిగి మీ ముఖంలోకి చూడడం వేరొకటి. ఈ రెండోదానిలో తనకు కావలసింది ఏమీ లేదు, తాను చూసింది మీరూ చూడాలన్న ఆరాటం తప్ప. ఏడాదిన్నర పిల్లల్లో ఇది కనబడిందంటే మాటకు పునాది పడినట్లే. పది మాటలు వల్లించడం కన్నా నాకు ఇదే ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

తర్వాత చూడవలసింది వస్తువులతో ఏం చేస్తున్నాడన్నది. ఏడాది నిండేసరికి గిన్నెలో వస్తువు వేయడం, మీరు కొంగు కింద దాచినదాన్ని వెతకడం వస్తాయి. ఏడాదిన్నరకు చీపురు పట్టుకుని మీ వెనకే ఊడవబోతారు. రెండేళ్లకు బొమ్మ పళ్లెంలో బొమ్మ పండు పెడతారు. రెండున్నరకు చెక్కముక్కను అన్నం ముద్ద చేసి బొమ్మకు తినిపిస్తారు. మా అమ్మాయికి ఏటికొప్పాక లక్కపిడతలు కొన్నాం. మొదట్లో వాటిని నేలకేసి కొట్టడమే ఆట. కొన్నాళ్లకు ఒకదానిలో ఒకటి దూర్చింది. ఆ తర్వాత ఒకరోజు ఖాళీ కుండలో గరిటె తిప్పి, నా నోటి దాకా తెచ్చి, మధ్యలో ఆగి ఉఫ్ ఉఫ్‌మని ఊదింది. అప్పటికి దానికి మాటలు బాగా తక్కువ. కానీ లేని అన్నాన్ని ఊహించుకుంది, అది వేడిగా ఉంటుందని గుర్తు తెచ్చుకుంది, నా నోరు కాలకూడదనుకుంది. ఆ ఊదడంలో ఎంత ఆలోచన ఉందో చూడండి! ఖరీదైన బొమ్మలు అక్కరలేదు. స్టీలు గిన్నెలు, వాటి మూతలు చాలు. ఏ గిన్నెకు ఏ మూత సరిపోతుందో వాడినే తేల్చుకోనివ్వండి, మధ్యలో చేయి పెట్టకండి.

చూసింది రాసుకోండి. మా ఇంట్లో దీనికి గోడ క్యాలెండరే వాడాం. కొత్త పని తనంతట తాను చేసిన రోజు గడిలో నాలుగు మాటలు రాసేవాళ్లం: "మూత తిప్పి తీశాడు", "అద్దంలో బొట్టు చూసి తన నుదురు తడుముకుంది". చేయని పనులు అందులో రాయలేదు. నెల తిరిగాక వెనక్కి చూస్తే పిల్ల కదులుతోందా, ఒక్కచోటే ఆగిందా అన్నది తెలిసేది. పక్కింటి పిల్లతో పోల్చవలసిన అవసరమూ రాలేదు.

మాటలు తక్కువగా ఉన్న ప్రతి బిడ్డకూ వినికిడి పరీక్ష చేయించాలని నేను గట్టిగా అంటాను. మా చెల్లెలి కొడుకు పళ్లెం కింద పడితే ఉలిక్కిపడేవాడు. దాంతో చెవులు బాగానే ఉన్నాయని అందరం అనుకున్నాం. దాగుడుమూతలు ఆడుతుంటే వాళ్ల నాన్నమ్మ గమనించారు. తలుపు చాటు నుంచి మెల్లగా పిలిస్తే తిరగడం లేదు, నీడ కదిలితే మాత్రం వెంటనే తిరుగుతున్నాడు. విశాఖపట్నం తీసుకెళ్లి చూపిస్తే జలుబుల వల్ల రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరిందని తేలింది. ఇది చిన్నపిల్లల్లో తరచుగా వచ్చేదే. పెద్ద చప్పుళ్లు వినబడతాయి, మామూలు మాట మాత్రం మసకగా చేరుతుంది. మీరూ బాబు ఆటలో మునిగి ఉన్నప్పుడు, వాడికి కనబడకుండా వెనక నుంచి మెల్లగా పేరు పెట్టి పిలిచి చూడండి. అయితే ఇది పరీక్షకు బదులు కాదు.

రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు. లెక్కపెట్టేటప్పుడు రెండు భాషల మాటలూ కలపాలి. "నీ" అని నీళ్లు అడిగి, వీధిలో "పాణి" అంటే అవి రెండు మాటలు. కుక్కను చూసి ప్రతిసారీ "బౌ" అంటే అదీ మాటే. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర గిరిజనుల పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని బడులు పెట్టించారు. ఆ ఊరివాళ్లమై ఉండి బిడ్డను అమ్మభాషకు దూరం చేయమని నేను ఎవరికీ చెప్పలేను. మీ మనసు పలికే భాషలోనే వాడితో ఆడండి. ఒడియా వీధిలో ఎలాగూ వస్తుంది.

కొన్నిటి విషయంలో మాత్రం ఆగకూడదు. వచ్చిన మాటలు గానీ, ఆటలు గానీ పోవడం, పేరు పెట్టి పిలిస్తే ఎప్పుడూ చూడకపోవడం, 18 నెలలకూ వేలు చూపకపోవడం, నడవకపోవడం, బొమ్మతో ఆడకుండా గంటల తరబడి దాని చక్రమే తిప్పుతూ ఉండడం, ఒక చేతినే వాడి రెండోదాన్ని వదిలేయడం కనబడితే "మగపిల్లలకు మాటలు ఆలస్యమే" అన్న ఓదార్పు వినకండి. అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డులో వయసువారీ బొమ్మలు ఉంటాయి, దీదీని అడిగితే విడమరచి చెబుతారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను చూస్తాయి, అవసరమైతే పిల్లల ఎదుగుదల లోపాలను తొలిదశలోనే చూసే జిల్లా స్థాయి కేంద్రానికి (డీఈఐసీ) పంపుతాయి. అక్కడ పరీక్షలకు డబ్బు కట్టనక్కరలేదు. వెళ్లేటప్పుడు క్యాలెండరు కాగితాలు, ఇంట్లో ఆడుకుంటుండగా తీసిన రెండు మూడు చిన్న వీడియోలు తీసుకెళ్లండి. తెలుగులో ఏ మాటలు అంటున్నాడో, ఒడియాలో ఏవి అంటున్నాడో విడివిడిగా రాసి ఇవ్వండి. పరీక్షించేవారికి తెలుగు రాకపోతే ఆ మాటలు వారి లెక్కలోకి రాకుండా పోతాయి.