పాఠకుల ప్రశ్నలు: ర్యాండమ్ నంబర్ చిప్‌కు లినక్స్ డ్రైవర్

ప్రశ్న: మా ఆర్మ్ బోర్డు చిప్‌లో హార్డ్‌వేర్ ర్యాండమ్ నంబర్ జనరేటర్ ఉంది. దానికి లినక్స్ డ్రైవర్ రాశాను. కెర్నల్‌లో రిజిస్టర్ అవుతోంది గానీ, చదివితే అవే నాలుగు బైట్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. లోపం చిప్‌లోనా, కోడ్‌లోనా?

జవాబు: ముందు కోడే చూడండి. ఫిఫోలో (పుట్టిన అంకెలు వరుసగా నిలిచే చిన్న క్యూ) కొత్త వర్డ్ (32 బిట్ల ముక్క) చేరకముందే డేటా రిజిస్టర్ చదివితే కొన్ని చిప్‌లు పాత విలువనే మళ్లీ ఇస్తాయి. రాస్‌బెర్రీ పై కోసం కెర్నల్‌లో ఉన్న బీసీఎం2835 డ్రైవర్ మంచి నమూనా. స్టేటస్ రిజిస్టర్‌ను 24 బిట్లు కుడికి జరిపి, ఎన్ని వర్డ్‌లు సిద్ధంగా ఉన్నాయో చూస్తుంది. ఏమీ లేకపోతే, ఆగాలో వద్దో కెర్నల్ చెప్పే ‘వెయిట్’ ఫాల్స్ అయినప్పుడు వెంటనే 0 రిటర్న్ చేస్తుంది, ట్రూ అయితే ఆగుతుంది. ఉంటే ఉన్నన్నే చదివి, చదివినన్ని బైట్లే లెక్క చెబుతుంది. మీ రీడ్ ఫంక్షన్ ఎప్పుడూ ‘మ్యాక్స్’ను (కెర్నల్ అడిగిన గరిష్ఠ బైట్ల లెక్క) రిటర్న్ చేస్తోందేమో చూసుకోండి. మీరు చెప్పిన లెక్కను కెర్నల్ నమ్ముతుంది. ఆ పాత బైట్లే ఎంట్రోపీగా (ఊహించలేని యాదృచ్ఛికతగా) కెర్నల్ దాచుకునే పూల్‌లోకి పోతాయి.

అదే డ్రైవర్ జనరేటర్‌ను ఆన్ చేసేముందు వార్మప్ కౌంట్‌గా 2,62,144 రాస్తుంది. మొదట పుట్టే అంకెల్లో యాదృచ్ఛికత తక్కువ కాబట్టి వాటిని వదిలేయాలి. మీ డేటాషీట్‌లోనూ ఇలాంటి సూచన వెతకండి. క్లాక్ ఆన్ చేశాకే రిజిస్టర్లు తాకండి.

సస్పెండ్ నుంచి లేచాక తప్పకుండా పరీక్షించండి. కొన్ని పాత ఏఎండీ ప్రాసెసర్లలో రిజ్యూమ్ తర్వాత ఆర్‌డీర్యాండ్ (ర్యాండమ్ నంబర్ ఇచ్చే ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్) అన్నీ 1 బిట్లే ఇస్తుండటంతో, 2019లో ఆ కుటుంబాలకు కెర్నల్ ఆ సదుపాయాన్నే దాచేసింది. వరుసగా రెండు 32 బిట్ల వర్డ్‌లు ఒకటే వచ్చే అవకాశం సుమారు 429 కోట్లలో ఒకటి. కాబట్టి అలా వరుసగా కొన్నిసార్లు వస్తే డ్రైవర్ ఎర్రర్ రిటర్న్ చేయడమే మేలు.

ఇక డ్రైవర్‌లో నింపే ‘క్వాలిటీ’ ఫీల్డ్. 1024 బిట్లలో నిజమైన ఎంట్రోపీ ఎంతో చెప్పే అంకె ఇది. ఒకప్పుడు దీన్ని 0గా వదిలేస్తే కెర్నల్ ఆ డివైస్ నుంచి తనంతట తాను పూల్ నింపేది కాదు. కెర్నల్ 6.2 నుంచి 0 అంటే పూర్తి 1024 అని అర్థం. ‘ఖాళీగా వదిలితే క్షేమం’ అన్న పాత అలవాటు ఇప్పుడు ప్రమాదం. తయారీదారు ఇచ్చిన అంకె ఉంటే అదే రాయండి.

ప్రశ్న: ర్యాండమ్ బిట్లను పరీక్షించే ఆర్‌ఎన్‌జీటెస్ట్ ప్రోగ్రామ్‌లో 1000 బ్లాకులకు ఒకటి ఫెయిలైంది. చిప్ పాడైనట్టేనా?

జవాబు: కాదు. ఒక్కో బ్లాకు 20,000 బిట్లు. మంచి జనరేటర్‌కూ వెయ్యికి ఒకటీ అరా తప్పుతాయి. పదులకొద్దీ తప్పితేనే అనుమానించాలి. అన్నీ పాసైనా ధీమా పడొద్దు: 1, 2, 3 అని లెక్కపెట్టే మామూలు కౌంటర్‌ను ఏఈఎస్ అనే పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేసి ఇచ్చినా ఈ పరీక్ష పాసవుతుంది. చిప్‌లో కండిషనర్‌ను (ముడి బిట్లను శుద్ధి చేసే భాగాన్ని) దాటి ముడి బిట్లు చదివే వీలుంటే, పరీక్షించాల్సింది వాటిని.