పావురాలగుట్ట గురించి ఆఖర్న రాయి, అమ్మీ

కర్నూలు,
2025 సెప్టెంబరు

చి॥ అమ్మాయికి పెద్దనాయన ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. మన దేశంలో జరిగిన విమాన ప్రమాదాల మీద తెలుగులో వరసగా వ్యాసాలు రాస్తానన్నావు. సంతోషం. మొదటిది పావురాలగుట్ట మీదే అన్నావు చూడు, అది మాత్రం నాకు నచ్చలేదు. కర్నూలులో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా అక్కడ రాజశేఖర రెడ్డిగారి హెలికాప్టర్ ఎందుకు కూలిందో చెప్పడానికి నలుగురు దొరుకుతారు. నలుగురూ నాలుగు రకాలుగా చెబుతారు, నాలుగింటిలోనూ కుట్ర ఉంటుంది. చదివేవాళ్ళు తీర్పు ముందే ఇచ్చేసుకున్న విషయాన్ని చెయ్యి తిరగక ముందే ముట్టుకోకూడదు. ముందు వేరేచోట జరిగినవి నాలుగైదు రాయి. దాన్ని ఆఖర్న పెట్టుకో.

ఇక ఎలా రాయాలని అడిగావు. విమానాలు బాగుచేసే హ్యాంగర్‌లో జీవితమంతా గడిపినవాణ్ణి, నాకు తెలిసింది నివేదికలు చదవడం. అదే చెబుతాను, రాయడం నీకు నాకంటే బాగా వచ్చు.

పేపర్ కటింగులు ముందేసుకుని కూర్చోకు. విచారణ నివేదిక తెచ్చుకో. 2012 నుంచి మన దగ్గర ప్రమాదాల దర్యాప్తుకు ఎయిర్‌క్రాఫ్ట్ యాక్సిడెంట్ ఇన్వెస్టిగేషన్ బ్యూరో అని వేరే సంస్థ ఉంది. అంతకుముందు పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ చూసేది, పెద్ద ప్రమాదమైతే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ అని ప్రత్యేక విచారణ వేసేవాళ్ళు. నివేదిక చేతికి రాగానే అందరూ కారణం ఎక్కడుందా అని చివరికి తిప్పుతారు. అక్కడ ఫలానా పైలట్ ఫలానాది చేయలేదని రెండు మూడు వాక్యాలుంటాయి. అవి రాసేసి వ్యాసం అయిపోయిందనుకుంటారు. నేనైతే సిఫార్సుల పేజీతో మొదలుపెడతాను. ఒక్కో సిఫార్సు ఎవరికి రాశారో చూడు. తప్పంతా పైలట్‌దే అయితే ఎయిర్‌పోర్టు వాళ్ళకు, కంపెనీకి, వాతావరణ శాఖకు, డీజీసీఏకి అన్ని సిఫార్సులు ఎందుకు చేశారు? ఆ ప్రశ్న పట్టుకుని వెనక్కి చదువుకుంటూ పో. నీకు కావలసినవన్నీ దారిలో దొరుకుతాయి.

మంగళూరు తీసుకో. 2010 మే 22 తెల్లవారి ఆరు దాటాక, దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం కొండ మీది రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో బతికింది ఎనిమిది మంది. కెప్టెన్ నిద్రపోయాడని పేపర్లన్నీ రాశాయి. నిజమే, కాక్‌పిట్ వాయిస్ రికార్డర్‌లో గంటన్నరకు పైగా గురక వినిపించింది. అంతటితో ఆపేస్తే చదివినవాడికి ఏం తెలిసినట్టు? అదే సిబ్బంది ముందురోజు రాత్రి మంగళూరు నుంచి దుబాయ్ వెళ్ళి, మనిషికి నిద్ర ముంచుకొచ్చే వేళ తిరిగి బయలుదేరారు. మంగళూరు రాడార్ అప్పుడు పనిచేయడం లేదు, కిందికి దిగడానికి అనుమతి ఆలస్యంగా వచ్చింది. విమానం ఉండాల్సిన దానికంటే ఎత్తులో, ఎక్కువ వేగంతో వచ్చింది. మగతలోంచి లేచిన మనిషి చేతిలో ఉంది అది. పక్కనున్న కో-పైలట్ గో అరౌండ్ అని, అంటే దిగొద్దు, మళ్ళీ పైకి లేపుదామని, మూడుసార్లు అన్నాడు. కెప్టెన్ దించేశాడు. 8,033 అడుగుల రన్‌వేలో దాదాపు 5,200 అడుగులు దాటాక చక్రాలు నేలకు తగిలాయి. విమానాన్ని ఆపడానికి ఇంజన్ల తోపును ముందుకు మళ్ళించే రివర్స్ థ్రస్ట్ వేసి, ఆగదేమోననిపించి మళ్ళీ లేపబోయాడు. రన్‌వే చివర యాంటెన్నాను మోసే కాంక్రీటు కట్టడానికి రెక్క తగిలింది. ఆ కాంక్రీటు సంగతి కూడా వదలకు. అలాంటి చోట కట్టేవి ఏదైనా తగిలితే తేలిగ్గా విరిగిపోయేలా ఉండాలి.

ఇప్పుడు దాని పక్కన కోళికోడ్ పెట్టి చదువు. 2020 ఆగస్టు 7, కరోనా రోజులు, మళ్ళీ దుబాయ్ నుంచే, మళ్ళీ కొండ మీది రన్‌వే, మళ్ళీ అదే కంపెనీ. వాన, వెనక నుంచి గాలి. 8,858 అడుగుల రన్‌వేలో సగం దగ్గర దిగింది. ఇక్కడా పక్కనున్న పైలట్ గో అరౌండ్ అన్నాడు, ఇక్కడా వినలేదు, విమానం రన్‌వే దాటిపోయి కింద పడింది. ఇద్దరు పైలట్లతో కలిపి 21 మంది పోయారు. అంతా పదేళ్ళ తేడాతో. విమాన ప్రమాదాల్లో నన్ను ఇంతగా కలచివేసింది మరొకటి లేదు. రెండోసారి నివేదిక ఇంకో మాట కూడా అంది: పక్కవాడు చెప్పి ఊరుకోకుండా కంట్రోల్ తన చేతిలోకి తీసుకుని ఉండాల్సింది అని. రాయడం తేలికే. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు బండి తప్పుగా నడుపుతుంటే పక్కన కూర్చున్న పిల్లలు ఏం చేస్తారో నీకు తెలీదా? హ్యాండిల్ లాక్కుంటారా, కళ్ళు మూసుకుంటారా? వ్యాసంలో దీని మీద నీకు ఎంత చోటు కావాలంటే అంత తీసుకో. (నా ఉత్తరానికి కూడా ఎదురు చెప్పొచ్చు, ఏమీ అనుకోను.)

ఔరంగాబాద్ ప్రమాదం గురించి ఎవరూ పెద్దగా రాయరు, నువ్వు రాయి. 1993 ఏప్రిల్ 26. ఇండియన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 ఎండాకాలంలో నిండా జనంతో పైకి లేస్తూ, రన్‌వే అవతలి రోడ్డు మీద పోతున్న పత్తి లారీని గుద్దింది. 55 మంది పోయారు. పైలట్ ముక్కు పైకెత్తడం ఆలస్యం చేశాడని నివేదిక రాసింది. అంతే బరువుతో, విమానాలు తిరిగే వేళల్లో ఆ రోడ్డు మీద బండ్లను ఆపే ఏర్పాటు సరిగా చేయలేదని కూడా రాసింది. ఆదోని యార్డుకు పోయే పత్తి లారీలు చూశావుగా, బేళ్ళు ఎంత ఎత్తున కడతారో? ఆ ఎత్తు విమానం దారిలోకి వచ్చింది. కారణం ఎయిర్‌పోర్టు గోడ బయట కూడా ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

చర్ఖీ దాద్రీ అందరికీ తెలిసిందే కాబట్టి అంకెలతో నింపకు. 1996 నవంబరు 12 సాయంత్రం ఢిల్లీకి పడమర సౌదీ విమానం, కజకిస్థాన్ విమానం ఆకాశంలో గుద్దుకున్నాయి, 349 మంది, ఒక్కరూ మిగల్లేదు. ఒకటి 14,000 అడుగుల దగ్గర, ఇంకొకటి 15,000 దగ్గర ఉండాలి. పైన ఉండాల్సిన కజక్ విమానం కిందికి దిగిపోయింది. కజక్ విమానంలో కంట్రోల్ టవర్‌తో మాట్లాడేది రేడియో ఆపరేటర్. అతని ముందు ఎత్తు చూపే మీటరు లేదు, పైలట్ల భుజాల మీదుగా తొంగి చూసుకోవాలి. ఎత్తు ఎంతో చూడలేని మనిషి చేత ఎత్తు గురించి మాట్లాడించే ఏర్పాటు అది. ఢిల్లీలో అప్పటికి విమానం ఎత్తు తెలిపే రాడార్ వాడకంలోకి రాలేదు. వచ్చేవాటికి, పోయేవాటికి ఒకటే దారి. ఆ తర్వాతే ఎదురుగా విమానం వస్తోందని హెచ్చరించే టీక్యాస్ పరికరం మన దేశంలో తప్పనిసరి చేశారు, దారులు విడదీశారు. ప్రతి వ్యాసంలో ఇది అడుగు: ఆ తర్వాత ఏం మారింది? మారకపోతే అదీ రాయి.

మెయింటెనెన్స్ లోపం అనే మాట వాడేముందు కొంచెం ఆగు, ఎందుకంటే అక్కడ నాకు కోపం వస్తుంది. మా హ్యాంగర్‌లో పనిముట్ల బోర్డు ఉండేది. ఒక్కో స్పానర్ వెనక దాని ఆకారం ఎర్ర రంగుతో గీసి ఉండేది. షిఫ్టు అయ్యే వేళకు ఒక్క ఎర్ర బొమ్మ ఖాళీగా కనిపించినా విమానం కదిలేది కాదు. అర్ధరాత్రి అయినా సరే, ప్యానెళ్ళు విప్పి, చక్రాలు ముడుచుకునే గూట్లో టార్చి పెట్టి, నూనె గుడ్డల మూటలు కూడా విప్పి వెతికేవాళ్ళం. ఎవరు పోగొట్టారని అప్పుడు ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ముందు స్పానర్ దొరకాలి. అడిగి తిట్టడం మొదలుపెడితే రేపు పోగొట్టినవాడు చెప్పడు, అంతే. కాబట్టి నిర్లక్ష్యం అని రాయాలనిపించినప్పుడు ఏ తనిఖీ ఎవరు చేయాలి, ఎన్ని గంటలకోసారి, ఆ తనిఖీలో ఆ లోపం కంటికి కనిపించేదేనా అని చూడు. 1976 అక్టోబరు 12న బొంబాయిలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ కారవెల్ మంటల్లో కూలి 95 మంది పోయారు. ఇంజన్ లోపల గాలిని అదిమే కంప్రెసర్ డిస్క్‌లో, తిరిగి తిరిగి ఒత్తిడికి మొదలైన పగులు దానికి మూలం. డిస్క్ పగిలి ముక్కలు ఎగిరితే మంటలంటుకుని, విమానాన్ని తిప్పే హైడ్రాలిక్స్ పోయాయి.

బెంగళూరు ప్రమాదాన్ని కొత్త యంత్రం వచ్చిన తొలి రోజుల కథగా రాయి. 1990 ఫిబ్రవరి 14, ఎయిర్‌బస్ ఏ320, మన దగ్గరకు వచ్చి ఏడాది కూడా కాలేదు. కిందికి దిగే వేగం పెట్టే నాబ్ బదులు ఎత్తు పెట్టే నాబ్ తిప్పి ఉంటారని విచారణ భావించింది. ఇంజన్లు ఐడిల్‌లోకి, అంటే అతి తక్కువ శక్తికి పోయాయి, గమనించేసరికి ఆలస్యమైంది. హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్టు రన్‌వే ముందున్న గోల్ఫ్ మైదానంలో పడి 92 మంది పోయారు. పైలట్లు చూసుకోలేదా అంటే చూసుకోలేదు. కానీ రెండు నాబ్‌లు పక్కపక్కన పెట్టిందీ ఎవరో ఒకరే కదా.

ఇంకొక్కటి. కోర్టు తీర్పు, ప్రమాద విచారణ కలిపేయకు. 1978 జనవరి 1 రాత్రి బొంబాయి సముద్రంలో పడిన ఎయిర్ ఇండియా విమానం ఎంపరర్ అశోక విషయంలో, విమానం ఎటు వాలిందో కెప్టెన్‌కు చూపే పరికరం తప్పు చూపించిందని ఇక్కడ తేల్చారు. 213 మంది పోయిన ఆ కేసు అమెరికా కోర్టుకు వెళ్తే, 1985లో తయారీదార్ల తప్పు లేదని అక్కడి జడ్జి తీర్పిచ్చాడు. కోర్టు చూసేది నష్టపరిహారం ఎవరు కట్టాలనేది. రెండూ రాయి, ఏది ఎక్కడిదో చెప్పి రాయి.

ఇవి రాశాక పావురాలగుట్టకు రా. 2009 సెప్టెంబరు 2 ఉదయం బేగంపేట నుంచి చిత్తూరుకు బయలుదేరిన బెల్ 430 నల్లమలలో కూలింది. రాజశేఖర రెడ్డిగారితో కలిపి అందులో ఉన్న అయిదుగురూ పోయారు. దాని మీద విచారణ చేసిన ఆర్.కె. త్యాగి కమిటీ చెప్పింది ఇదీ: ఇంజన్ శక్తిని పై రెక్కలకు అందించే ట్రాన్స్‌మిషన్ ఆయిల్ హెచ్చరిక వచ్చి పైలట్లు కొన్ని నిమిషాలు పుస్తకంలో దాని సంగతి వెతికే పనిలో పడ్డారు, వెనక్కి తిప్పాలా, వేరే దారి పట్టాలా అన్న ఆలోచన పక్కకు పోయింది, క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘంలో కిందికి కొట్టే గాలి హెలికాప్టర్‌ను లాగేసింది. దీన్ని ఒప్పుకోని వాళ్ళు మన బంధువుల్లోనే ఉన్నారు. ఒప్పుకోకపోవచ్చు, కానీ ఏ పేజీలో ఏ మాట ఎందుకు తప్పో చూపించాలి. 2010 జనవరిలో ఆ ప్రమాదం కుట్రేనంటూ ఎక్కడో విదేశీ వెబ్‌సైట్‌లో ఉన్న రాతను ఒక టీవీ చానెల్ చదివితే, రాష్ట్రమంతా దుకాణాల మీద రాళ్ళు పడ్డాయి. గుర్తుందా, నువ్వప్పుడు చిన్నపిల్లవి. రాసేముందు వానాకాలంలో ఆత్మకూరు దాటి నల్లకాలువ దాకా బస్సులో ఒకసారి వెళ్ళు. మబ్బు కొండ మీదికి ఎంత త్వరగా దిగుతుందో నీ కళ్ళతో చూడు. ఆ వ్యాసంలో వాతావరణం గురించి రాసే నాలుగు వాక్యాలు అప్పుడు తేలిగ్గా వస్తాయి.

అహ్మదాబాద్ సంగతి ఇప్పుడు ముట్టుకోవద్దు. 2025 జూన్ 12న అక్కడ ఎయిర్ ఇండియా విమానం కూలి 260 మంది పోయారు. ప్రాథమిక నివేదికలో రెండు ఇంధన స్విచ్‌లు సెకను తేడాతో కటాఫ్‌లోకి, అంటే ఇంధనం ఆపేసే స్థానంలోకి వెళ్ళాయని ఉంది. ఎందుకు ఆపావని ఒకరు అడిగారనీ, నేను ఆపలేదని ఇంకొకరు అన్నారనీ ఉంది. ఎవరు ఏది అన్నారో కూడా అందులో చెప్పలేదు. అయినా ఎంతమంది తీర్పులు ఇచ్చేశారో ఫోన్‌లో చూస్తూనే ఉన్నావు. చనిపోయిన పైలట్ల ఇళ్ళల్లోనూ ఫోన్లుంటాయి. తుది నివేదిక వచ్చేదాకా తేదీ, అంకెలు, ఆ ప్రాథమిక నివేదికలో ఉన్నది ఉన్నట్టుగా ఒక ఫైల్‌లో పెట్టుకో, చాలు.

ముందు ఔరంగాబాద్ రాసి పంపు. వాట్సాప్‌లో వద్దు, ప్రింటు తీసి మీ నాయన చేత పంపించు. ఎర్ర పెన్నుతో దిద్ది దసరాకు వచ్చినప్పుడు ఇస్తాను.

ఇట్లు,
మీ పెద్దనాయన